నీళ్ళకింద ఊరు, గట్టుమీద సైకిలు

మా చెల్లెలు బర్మింగ్‌హామ్‌లో కాపురం పెట్టి పన్నెండేళ్ళయింది. పోయిన ఏడాది వేసవిలో నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళినరోజే వంటింట్లో మా ఇద్దరికీ చిన్న పేచీ. నేను అలవాటుకొద్దీ నీళ్ళు కాచి చల్లార్చుదామని గిన్నె పొయ్యిమీద పెట్టాను. అది పకపకా నవ్వి, "అక్కా, కుళాయి తిప్పుకుని తాగెయ్యవే! ఇక్కడెవరూ కాచుకోరు" అంది.

భయం భయంగానే తాగాను. చెప్పొద్దూ, కొబ్బరినీళ్ళంత తేలిగ్గా వున్నాయి. ఆ నీళ్ళతో కందిపప్పు ఇట్టే ఉడికిపోయింది. కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కట్టలేదు. తలంటుకుంటే జుట్టు పట్టుకుచ్చులా వుంది. నలభైలు దాటిన ఆడదానికి ఇంతకంటే కావలసిందేముంది! "ఎక్కడివే ఈ నీళ్ళు?" అని అడిగాను.

"వేల్స్ కొండల్లోంచి వస్తాయి. వచ్చే ఆదివారం నువ్వే చూద్దువుగాని. మీ మరిదికి కొత్త పిచ్చి పట్టింది. సైకిలేసుకుని ఆ కొండల్లోనే తిరుగుతున్నారు" అంది.

ఆ పిచ్చి పేరు గ్రావెల్ బైకింగ్. గ్రావెల్ అంటే మనం కంకర అంటామే, అదే. తారురోడ్డు వదిలేసి కంకర బాటలమీదా, మట్టి దారులమీదా, అడవుల్లోనూ కొండల్లోనూ పదులకొద్దీ మైళ్ళు సైకిలు తొక్కడమన్నమాట. దానికి సైకిలు కూడా వేరే. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి వుంటుంది. టైర్లు మటుకు కాస్త లావు. దాని ఖరీదు చెల్లెలు నా చెవిలో చెప్పింది గాని, మా అమ్మకి చెప్పనని ఒట్టు వేయించుకుంది.

నాకు సైకిలు కొత్త కాదు. మా నాన్నగారి హెర్క్యులిస్ సైకిలుమీద, పైకమ్మీ కిందనుంచి కాలు దూర్చి, వంకరగా వేలాడుతూ నేర్చుకున్నాను. మోచిప్పల మచ్చలు ఇప్పటికీ వున్నాయి. "ఆడపిల్లకి సైకిలేమిట్రా?" అని మా నాయనమ్మ సణుగుతూనే వుండేది. ఆ సైకిలు మద్రాసులో తయారైనదనే ఇన్నాళ్ళూ నాకు తెలుసు. మా మరిది కారు నడుపుతూ అసలు కథ చెప్పాడు. హెర్క్యులిస్ పుట్టిల్లు బర్మింగ్‌హామేనట. 1910లో అక్కడ మొదలైన కంపెనీ అది. మురుగప్ప చెట్టియార్లు బర్మింగ్‌హామ్‌కి చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ పెట్టారు. హెర్క్యులిస్, బి.ఎస్.ఎ. పేర్లు మన వీధుల్లోకి అలా వచ్చాయి. "అంటే వదినా, మీ నాన్నగారి సైకిలుకీ మా కుళాయికీ చుట్టరికం వుందన్నమాట" అన్నాడు. ఊరికే నవ్వించడానికి అన్నా, సాయంత్రానికి ఆ మాట నాకు నవ్వులాటగా తోచలేదు.

రెండున్నర గంటలు ప్రయాణం చేసి రేయడర్ అనే చిన్న ఊరు చేరాం. వై నదిమీద జలపాతం అని ఆ పేరుకి వాళ్ళ భాషలో అర్థం. వేల్స్‌వాళ్ళ భాష ఇంగ్లీషుకి దగ్గరి చుట్టమేమీ కాదు. రెండు 'ఎల్' అక్షరాలు పక్కపక్కన వస్తే, నాలిక 'ల' అనడానికి పెట్టి, 'ల' అనకుండా పక్కలనుంచి గాలి ఊదాలి. నేను నాలుగైదుసార్లు ప్రయత్నించి, చెల్లెలి మొహంమీద తుంపర్లు పడ్డాక మానుకున్నాను.

మాకిద్దరికీ బ్యాటరీ సైకిళ్ళు అద్దెకి తీసుకుని, మా మరిది మమ్మల్ని ఎలాన్ లోయ దారిలో దిగబెట్టాడు. తను మాత్రం ఇంకా పైనున్న క్లైర్‌వెన్ వైపు, అసలైన కంకర దారికి వెళ్ళిపోయాడు.

మేము తొక్కినది తొమ్మిది మైళ్ళ బాట. రేయడర్ పక్కన మొదలై, మెల్లగా ఎక్కుతూ, నాలుగు ఆనకట్టల పక్కనుంచి సాగి, పైనున్న క్రెయిగ్ గోఖ్ ఆనకట్ట దగ్గర ముగుస్తుంది. కొంతదూరం తారు, ఆపైన కంకర. ఎడంపక్క నీళ్ళు, కుడిపక్క కొండ, తలమీద ఓక్ కొమ్మలు, గట్టున ఫెర్న్ పొదలు. ఇదంతా సృష్టి మొదట్నించీ ఇలాగే వుందనిపిస్తుంది. అయితే ఒక్కటి నాకు వింతగా తోచింది. కొండదారి అన్నాక మెలికలూ, ఎత్తుపల్లాలూ వుండాలి కదా! ఈ దారి మాత్రం గీత గీసినట్టు ఒకే వాలులో పోతోంది. ఒకచోట పెద్ద రాతిగుట్టని నిలువునా కోసి మరీ దారి చేశారు.

"ఇది రైలుకట్టే అక్కా. పట్టాలు తీసేసిన రైలుకట్ట" అంది చెల్లెలు.

ఇంతటి కొండల్లోకి రైలు ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని ఆ తర్వాత వారమంతా పుస్తకాలు తిరగేశాను. కథ మొదలయ్యేది కొండల్లో కాదు, బర్మింగ్‌హామ్ సందుల్లో.

పందొమ్మిదో శతాబ్దంలో బర్మింగ్‌హామ్ అంటే పొగగొట్టాల ఊరు. మేకు దగ్గర్నించి రైలు పెట్టెదాకా అక్కడ తయారుకాని ఇనపసామాను లేదు. పనికోసం జనం వచ్చిపడ్డారు. నీళ్ళు చాల్లేదు. వున్న బావులూ, చుట్టుపక్కల చిన్న నదులూ మురికిపట్టిపోయాయి. టైఫాయిడ్, కలరా, విరేచనాలు... ఇల్లిల్లూ తిరిగాయి. పసిపిల్లలు ఎక్కువగా పోయారు. నీళ్ళు మోసేదీ, పిల్లల పక్కలు కడిగేదీ ఎవరో నేను చెప్పక్కర్లేదు. జోసెఫ్ చాంబర్లేన్ అనే ఆయన 1873 నుంచి మూడేళ్ళు ఆ ఊరికి మేయరు. మంచినీళ్ళు ప్రైవేటు కంపెనీల చేతుల్లో వుండకూడదని పట్టుబట్టి నీటి కంపెనీని నగరం తరఫున కొనిపించాడు. కాని కంపెనీని కొంటే నీళ్ళు పుట్టవు కదా!

అప్పుడు వాళ్ళ కన్ను ఎలాన్ లోయమీద పడింది. ఏడాదికి 72 అంగుళాల వర్షం. నీళ్ళు ఇంకిపోనివ్వని రాయి. ఆనకట్ట కట్టడానికి అనువైన ఇరుకు లోయ. అన్నిటికంటే ముఖ్యం, ఆ చోటు బర్మింగ్‌హామ్ కన్నా ఎత్తులో వుంది. పంపులు అక్కర్లేదు, నీళ్ళు వాటంతటవే నడిచివస్తాయి. 73 మైళ్ళ దూరానికి మొత్తం పల్లం 171 అడుగులే. అంటే సుమారు 2300 అడుగులకి ఒక్క అడుగు వాలు! ఇంజనీరు జేమ్స్ మాన్‌సర్గ్ ఆ లెక్క కట్టి, కొండల్లో సొరంగాలు తొలిచి, లోయలమీద గొట్టాలు వేసి నీళ్ళని నడిపించాడు. గంటకి రెండు మైళ్ళు కూడా పోవు ఆ నీళ్ళు. మన నడకకంటే మెల్లగా, ఒకటిన్నర రోజుకి ఊరు చేరతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. ఈనాటికీ రోజూ 30 కోట్ల లీటర్ల పైచిలుకు నీళ్ళు ఆ వాలునే నమ్ముకుని వెళ్తున్నాయంటే, ఆ పెద్దమనిషికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

1892లో పార్లమెంటు చట్టం చేసింది. చుట్టూ వున్న 70 చదరపు మైళ్ళ కొండా లోయా నగరం చేతికి వచ్చాయి. అక్కడున్నవాళ్ళు నూరుమందికి అటూ ఇటూ. పద్దెనిమిది వ్యవసాయపు ఇళ్ళు, మూడు జమీందారీ భవనాలు, ఒక బడి, ఒక చర్చి. కాగితంమీద చూస్తే ఎంత చిన్న సంఖ్య! అటు లక్షల మంది పిల్లల ప్రాణాలు, ఇటు నూరుమంది గొర్రెల కాపరులు. తక్కెడలో వేసి తూచేవాళ్ళకి ఆలోచించాల్సిన పనే లేదు. నేనూ తల్లినే. టైఫాయిడ్‌తో పిల్ల పోయిన తల్లి పక్షాన నిలబడి చూస్తే నేనూ ఆ చట్టానికి చెయ్యెత్తేదాన్నే.

కాని ఒక్క వాక్యం దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. పరిహారం భూమి యజమానులకే ఇచ్చారు. తరతరాలుగా ఆ ఇళ్ళలో కౌలుకి వుండి, ఆ గోడలకి సున్నం కొట్టి, ఆ పెరళ్ళలో పిల్లల్ని కని పెంచినవాళ్ళకి అందులో వాటా లేదు. చర్చి మునిగిపోతుందని మాత్రం కార్పొరేషన్‌వారే గట్టుమీద కొత్త చర్చి కట్టించారు. దాన్ని మేము చూశాం. చక్కని రాతికట్టడం.

ఆ చర్చి మెట్లమీద కూచుని ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ పుట్టిల్లు మన రాయలసీమలో ఒక రిజర్వాయరు కింద వుంది. నష్టపరిహారం మగపిల్లల పేరిట వచ్చింది. ఆవిడ అడగనూ లేదు, ఎవరూ ఇవ్వనూ లేదు. ఆవిడ బెంగ దానికి కాదు. పెరట్లో బావిగట్టు మీద కూచుని వాళ్ళమ్మ ఆవిడకి జడ వేసేదట. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడల్లా, "బావి బయటపడిందేమో చూసొస్తావా నాయనా?" అని కొడుకుని అడిగేవారు. శ్రీశైలం రిజర్వాయరు వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరుడి గుడిని రాయిరాయీ విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. మంచిపనే. ఆ దేశంలోనూ, ఈ దేశంలోనూ కూడా దేవుడి ఇల్లు లెక్కలోకి వచ్చింది.

మునిగిన భవనాల్లో రెండింటికి షెల్లీతో సంబంధం వుంది. కృష్ణశాస్త్రిగారిని ఆంధ్రా షెల్లీ అని పిలుచుకున్నవాళ్ళం, మనకి ఆ షెల్లీ పరాయివాడేమీ కాదు. 1811లో ఆక్స్‌ఫర్డ్‌నుంచి వెళ్ళగొట్టించుకుని, తండ్రితో పోట్లాడుకుని, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు కుమ్ ఎలాన్ అనే చుట్టాలింటికి వచ్చాడు. ఆ కొండల మధ్య వుండగానే హారియట్ అనే పదహారేళ్ళ పిల్ల దగ్గర్నించి ఉత్తరాలు వచ్చాయి. వెళ్ళి, ఆ అమ్మాయిని లేవదీసుకుపోయి ఎడింబరోలో పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి వసంతంలో భార్యతో తిరిగివచ్చి, ఈసారి పక్కనే వున్న నాంట్‌గ్విల్ట్ అనే ఇంట్లో దిగాడు. ఆ ఇల్లు కౌలుకి తీసుకుని అక్కడే స్థిరపడిపోవాలని ఇద్దరికీ ఎంతో ఆశ. బేరం కుదరలేదు. రెండు నెలలకే ఖాళీ చేశారు.

తర్వాత సంగతి సాహిత్య చరిత్రల్లో వుంటుంది గాని, హారియట్ పక్కనుంచి ఎవరూ చెప్పరు. 1814లో షెల్లీ ఆమెని వదిలేసి మేరీతో వెళ్ళిపోయాడు. 1816 డిసెంబరులో లండన్ హైడ్ పార్కు చెరువులో హారియట్ శవం తేలింది. ఇరవయ్యొక్కేళ్ళు. ఆ నెలాఖరులోనే షెల్లీ మేరీని పెళ్ళాడాడు. 1822లో ఆయనా ఇటలీ సముద్రంలో మునిగిపోయాడు. ఆపైన ఎనభై యేళ్ళకి, వాళ్ళు కాపురం పెట్టాలనుకున్న ఇల్లు కూడా నీళ్ళ కిందికే పోయింది. నేను నవలలో ఇలా రాస్తే, "మరీ అతికించినట్టుందండీ" అని సంపాదకులు తిప్పి పంపేవారు. బాగా ఎండలు కాసిన ఏళ్ళలో ఇప్పటికీ నాంట్‌గ్విల్ట్ తోట గోడలు బురదలోంచి బయటపడతాయి. హారియట్ కూచున్న తోట కదా అని నేను వంతెనమీంచి చాలాసేపు చూశాను. మేము వెళ్ళిననాడు చెరువు నిండుగా వుంది. ఏమీ కనిపించలేదు.

ఆ వంతెన కింద కూడా ఒక విచిత్రముంది. గారెగ్ దీ అనే ఆనకట్ట నీళ్ళలోనే మునిగి వుంటుంది. వంతెన స్తంభాలు దానిమీదే నిలబడ్డాయి. కింది చెరువులో నీళ్ళు ఎంత తగ్గినా, ఈ అడ్డుగోడ వెనకాల మట్టం నిలిచి వుండాలి. ఎందుకంటే బర్మింగ్‌హామ్‌కి నీళ్ళు తోడే ఫోయల్ టవర్ ఒడ్డునే వుంది. మన వంటింట్లో మడినీళ్ళ బిందె వేరే పెట్టుకుంటామే, అలాగన్నమాట.

1893లో పని మొదలైంది. మేము సైకిలు తొక్కిన దారిమీదే అప్పుడు రైలు పట్టాలు పడ్డాయి. అన్నీ కలిపి 33 మైళ్ళ పట్టాలు. రోజుకి వెయ్యి టన్నుల దాకా రాయీ, సిమెంటూ, సరంజామా వచ్చేవి. ఇంజన్లకి లోయలోని వాగుల పేర్లే పెట్టారు. మునిగిపోబోయే నాంట్‌గ్విల్ట్ పేరు కూడా ఒక ఇంజనుకి పెట్టి, దాన్ని ముంచే రాళ్ళని దానిచేతే మోయించారు. పనివాళ్ళకోసం చెక్క ఇళ్ళతో ఓ ఊరు వెలిసింది. ఆ ఊరికి కాపలా వుండేది, దొంగసారా రాకుండా. కొత్తగా వచ్చినవాణ్ణి రాత్రంతా ఏటికి ఇవతల వుంచి, పేలు దులిపి, అంటురోగాలు లేవని చూసుకుని గాని వంతెన దాటనిచ్చేవారు కాదు. మంచి ఏర్పాటే, కాదనను. ఆస్పత్రి, గ్రంథాలయం, వీధిదీపాలు... అప్పటికి గొప్పే. ఒక్కొక్క ఇంట్లో ఒక భార్యాభర్తా, వాళ్ళతోపాటు పెళ్ళికాని మగవాళ్ళు ఎనిమిదిమంది! ఆ తొమ్మిదిమంది మగవాళ్ళకీ వండి, బూట్ల బురద కడిగే ఆ ఇల్లాలి పేరు ఏ శిలాఫలకంమీదా లేదు. ఇంకో ముక్క చెప్తాను, నవ్వకండి. ఊళ్ళో స్నానాలగది వుండేది. మగవాళ్ళు వారానికి మూడుసార్లు వెళ్ళొచ్చు, ఆడవాళ్ళు ఒక్కసారి. లక్షలమందికి నీళ్ళు పంపే ఊళ్ళో! సారాయి కొట్లోకి మాత్రం ఆడవాళ్ళకి అసలే ప్రవేశం లేదు. పిల్లలకి బడి పదకొండేళ్ళ లోపే. ఆపైన పనిలోకి.

చిత్రమేమిటంటే సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఇంగ్లండులో ఆడవాళ్ళు సైకిలెక్కారు. కొవెంట్రీలో స్టార్లీ అనే ఆయన 1885లో రెండు చక్రాలూ సమానంగా వున్న సైకిలు చేశాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. 1895నాటికల్లా పట్నాల్లో ఆడపిల్లలకి సైకిలు పిచ్చి పట్టింది. పెద్దవాళ్ళు మా నాయనమ్మ సణిగినట్టే సణిగారు. ఒక పక్క పట్నపు పిల్ల గౌను అంచులు పట్టీతో బిగించుకుని ఇల్లు దాటి వెళ్తోంది. ఇంకోపక్క ఇక్కడ ఒక రైతు ఇల్లాలు గిన్నెలూ చేటలూ బండికెక్కించుకుని ఇల్లు ఖాళీ చేస్తోంది.

1904 జులై 21న ఏడవ ఎడ్వర్డు రాజు, అలెగ్జాండ్రా రాణి రైల్లో వచ్చి ప్రారంభోత్సవం చేశారు. పని పూర్తిగా ముగియడానికి మరో రెండేళ్ళు పట్టింది. తర్వాత పట్టాలు పీకేశారు. కట్ట మిగిలింది. ఒక పాత రైలు సొరంగాన్ని మూసేసి గబ్బిలాలకి వదిలేశారు. ఎన్నో ఏళ్ళకి ఆ కట్టే మనలాంటి షికారుగాళ్ళకి సైకిలు బాట అయింది.

1892 చట్టంలో ఒక మంచి షరతు కూడా వుంది, చెప్పకపోతే అన్యాయం. లోయ నగరానిదైనా, ఊరుమ్మడి కొండలమీదికి జనం గాలికోసం, వ్యాయామంకోసం, ఉల్లాసంకోసం వెళ్ళడానికి హక్కు వుంటుందని రాశారు. బర్మింగ్‌హామ్ షరతు అనే దానికి పేరు. పోయిన ఇళ్ళు తిరిగిరావు గాని, కొండ మాత్రం కంచె వెనక్కి పోలేదు. అయితే ఆ హక్కు నడిచేవాళ్ళకే. సైకిళ్ళవాళ్ళు చాలాకాలం ఆగాల్సి వచ్చింది. గుర్రాలకోసం వున్న కొండదారులమీద సైకిలు తొక్కడానికి చట్టం ఒప్పుకున్నది 1968లోనే.

అలాగని అంతవరకూ వాళ్ళు ఊరుకున్నారా! సైకిళ్ళవాళ్ళే 1886లో సంఘం కట్టి, రోడ్లు బాగుచెయ్యండి మహాప్రభో అని ఉద్యమం చేశారు. రోడ్లు బాగుపడ్డాయి. బాగుపడ్డ రోడ్లమీదికి మోటార్లొచ్చి, సైకిళ్ళవాళ్ళనే పక్కకి నెట్టేశాయి. 1955లో వేల్స్ సరిహద్దు దగ్గర లెమ్‌స్టర్ అనే ఊళ్ళో కొంతమంది పోగై, 'రఫ్ స్టఫ్ ఫెలోషిప్' అని క్లబ్బు పెట్టుకున్నారు. రాళ్ళదారుల మిత్రమండలి అనుకోండి. సైకిలు నడిచినంతమేర తొక్కడం, నడవనిచోట భుజానికెత్తుకోవడం వాళ్ళ పద్ధతి. ఇప్పుడు అమెరికానుంచి గ్రావెల్ బైకింగ్ అనే కొత్త పేరు తగిలించుకుని వచ్చింది అదే పాత పిచ్చి. ఈ మాట మా మరిదితో అంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు.

అతను తొక్కిన క్లైర్‌వెన్ దారి సంగతి చెప్పాలి. అది 184 అడుగుల ఎత్తు ఆనకట్ట. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 1946లో మొదలుపెట్టి 1952లో ముగించారు. అప్పట్లో ఇంగ్లండులో రాతిపనివాళ్ళంతా బాంబులకి కూలిన పార్లమెంటు భవనం కట్టడంలో వున్నారు. అందుకని ఇటలీనుంచి రాళ్ళు చెక్కేవాళ్ళని తీసుకొచ్చారు. గోడ కాంక్రీటుదే అయినా, పాత ఆనకట్టలకి జోడు కుదరాలని రాతిపలకలు తొడిగారు. పట్టుచీరకి అంచు వేసినట్టు! 1952 అక్టోబరు 23న ఎలిజబెత్ రాణి వచ్చి ప్రారంభించింది. రాణి అయిన ఏడాదే.

ఆ చెరువు గట్టునే మైళ్ళకొద్దీ కంకర దారి. ప్రతి వాగు దగ్గరా లోపలికి వంగి, మళ్ళీ బయటికొస్తూ పోతుంది. దాని చివర కొండ దాటితే స్ట్రాటా ఫ్లోరిడా అనే పాత క్రైస్తవ మఠం శిథిలాలు. పన్నెండో శతాబ్దంలో ఈ కొండలు ఆ మఠానివే. సన్యాసులు గొర్రెల్ని మేపుకుంటూ, అటునుంచి అబీకుమ్‌హిర్ అనే ఇంకో మఠానికి నడిచిన కాలిబాట ఈనాటికీ 'సన్యాసుల బాట' అనే పేరుతోనే వుంది. మోటారు బళ్ళు ఎక్కితొక్కి దాన్ని బురదగుంట చేసిన రోజులూ వున్నాయి. చెరువుకి పైనున్న బీడు జాతీయ ప్రకృతి రక్షణ ప్రాంతం. పచ్చగా పరుపులా కనిపిస్తుంది గాని కాలేస్తే నీళ్ళే. నాచు తరతరాలుగా కుళ్ళి పేరుకున్న నేల అది. వర్షాన్ని స్పాంజిలా పీల్చుకుని మెల్లమెల్లగా వదులుతుంది. దారి విడిచి సైకిలు దానిమీదికి దింపకూడదు. ఒక్క చక్రం గాడి పడితే ఆ గాడిలోంచి నీరు కారిపోయి నేల ఎండుతుంది.

మంచినీళ్ళు మురికికాకూడదని ఊళ్ళు ఖాళీ చేయించారు, కొత్త ఇళ్ళు కట్టనివ్వలేదు. మనుషులు లేరు గనక నిశ్శబ్దం మిగిలింది, చీకటి మిగిలింది. నక్షత్రాలు చూడటానికి తగిన చీకటిప్రాంతంగా 2015లో ఎలాన్ లోయకి అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. పక్షులూ మిగిలాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటన్ మొత్తంమీద ఎర్రగద్దలు మధ్య వేల్స్ కొండల్లో గుప్పెడు మాత్రమే బతికివున్నాయి. ఇప్పుడు రేయడర్ దగ్గర మధ్యాహ్నం మాంసం వేస్తే గుంపులుగా దిగుతాయి. మేము తొక్కుతుంటే ఒకటి తోక అటూ ఇటూ తిప్పుకుంటూ తలమీదే తిరిగింది. నేను సైకిలాపి, గరుత్మంతుణ్ణి చూసినట్టు చెంపలు వేసుకున్నాను. అటుగా వెళ్తున్న దొరసాని ఒకావిడ, నన్ను కందిరీగలు కుట్టాయేమోనని కంగారుగా దగ్గరికి వచ్చింది!

అందంగా వుంది కదా అని ఆ నీళ్ళు అమాయకమైనవనుకోవద్దు. పనివాళ్ళ ఊరికి నీళ్ళకోసం కట్టిన నాంట్-ఎ-గ్రో అనే బుల్లి ఆనకట్ట ఒకటి పక్క లోయలో వుంది. 1942లో బార్న్స్ వాలిస్ అనే శాస్త్రవేత్త, ఆనకట్ట పగలడానికి ఎంత మందు కావాలో దానిమీదే పరీక్ష చేశాడు. గోడ నడుమ ముక్క ఎగిరిపోయింది. మరుసటేడు మే నెలలో బ్రిటిషు విమానాలు జర్మనీ ఆనకట్టల్ని పగలగొట్టాయి. ఆ వరదలో వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళలో వందలమంది సోవియట్ దేశంనుంచి బలవంతంగా పనికి పట్టుకొచ్చిన ఆడవాళ్ళు. నీళ్ళు నిలపడానికి కట్టిన గోడ నీళ్ళతో చంపడానికి పాఠమైంది.

వేల్స్ ప్రజలు అన్నీ మౌనంగానే భరించారనీ కాదు. 1965లో లివర్‌పూల్‌కి నీళ్ళకోసం ఉత్తర వేల్స్‌లో కాపెల్ కెలిన్ అనే పల్లెని ముంచినప్పుడు దేశం భగ్గుమంది. ఆ లోయ పేరు ట్రివెరిన్. 'ట్రివెరిన్‌ని మరవకండి' అని వాళ్ళ భాషలో రాసిన గోడ రాత ఇప్పటికీ వుంది. నలభై యేళ్ళకి, 2005లో, లివర్‌పూల్ నగరసభ క్షమాపణ చెప్పుకుంది. ఎలాన్ లోయ ఖాళీ అయిన కాలానికి ఆ గోడలూ లేవు, రాసే చేతులూ లేవు.

సాయంత్రం అయిదింటికి మా మరిది తలనుంచి కాళ్ళదాకా బురదతో దిగాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది. "వదినా, ఇరవయ్యారు మైళ్ళు!" అన్నాడు, పరీక్ష పాసైన పిల్లాడిలా. అతన్ని చూసి నాకు కోపమేమీ రాలేదు. ఆస్పత్రిలో వారమంతా రోగాలతో కుస్తీ పట్టే మనిషి, ఒక్కరోజు ఈ గాలి పీల్చుకుంటే తప్పేమిటి? అయినా ఫ్లాస్కులో మిగిలిన కాఫీ అతనికిస్తూ, "నువ్వు తొక్కిన దారి ఎలా వచ్చిందో తెలుసా?" అని మొదలుపెట్టాను. చెల్లెలు, "అయిపోయింది! ఇంటికెళ్ళేదాకా ఇంక క్లాసే" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఫోయల్ టవర్ దగ్గర కారు ఆపించాను. గుండ్రటి రాతి బురుజు, పైన రాగి గుమ్మటం. నీళ్ళు లోపలికి పోతున్న చప్పుడేమీ వినిపించదు. నేను గడియారం చూసుకుని లెక్క వేశాను. ఆదివారం సాయంత్రం అయిదుంబావు. ఒకటిన్నర రోజంటే మంగళవారం తెల్లవారుజామున అయిదుంబావుకి ఈ నీళ్ళు బర్మింగ్‌హామ్ చేరతాయి.

"అలా కాదు వదినా, అక్కడ పెద్ద చెరువులో నిలవచేస్తారు, శుద్ధి చేస్తారు, ఆ తర్వాతెప్పుడో గాని మన కుళాయిలోకి రావు" అన్నాడు మరిది.

సరేలెమ్మన్నాను. మంగళవారం నాడు మాత్రం అయిదింటికే లేచి, వాళ్ళింకా నిద్రపోతుండగా, డికాక్షన్‌కి నీళ్ళు పట్టాను.